సందర్భాన్ని బట్టి ఊహించుకోమన్నారు, ఊహించుకున్నాను, రాత్రంతా నిద్ర లేదు

మూడోబెంచీ
నాన్నకు 68. కడుపులో మంటగా ఉందంటే డాక్టరు స్కానింగ్ రాశారు. సాయంత్రం ఏడింటికి రిపోర్టు చేతికొచ్చింది. డాక్టరు మళ్లీ కూర్చునేది మర్నాడు ఉదయం పదింటికి. నా ఫిర్యాదు మధ్యలో ఉన్న ఆ పదిహేను గంటల గురించి.

కవరు విప్పి చదివాను. ‘లివర్: అన్‌రిమార్కబుల్’ అని మొదలై, తర్వాత ఏవేవో మాటలు ఉన్నాయి. దాని కింద స్ప్లీన్‌కూ అదే మాట, ప్యాంక్రియాస్‌కూ అదే మాట, రెండు కిడ్నీలకూ అదే మాట. హైస్కూల్లో మా ఇంగ్లీషు మాస్టారు ‘నిఘంటువు ముట్టుకోకండిరా, చుట్టుపక్కల మాటల్ని బట్టి ఊహించండి’ అని నూరిపోశారు. ఆ తర్వాత కోచింగ్‌లోనూ అదే పాట. సరే, ఊహించాను. రిమార్కబుల్ అంటే గొప్పది, మెచ్చుకోదగ్గది. ముందు ‘అన్’ ఉంది కాబట్టి మెచ్చుకోదగ్గట్టు లేదు. చుట్టుపక్కల చూస్తే ఆస్పత్రి, 68 ఏళ్లు, కడుపులో మంట. అన్నీ అతికినట్టు సరిపోయాయి. నాన్న ఒంట్లో ఒక్క అవయవం కూడా చెప్పుకోదగ్గ స్థితిలో లేదని తేల్చుకున్నాను.

రిపోర్టు బీరువాలో చీరల కింద దాచాను. విశాఖలో ఉన్న అక్కకు ఫోను చేశాను. అక్క ఏడ్చి, రాత్రి రైలుకు టికెట్లు వెతికింది. ఉదయం డాక్టరు రెండు క్షణాలు చూసి, ‘అన్నీ మామూలుగానే ఉన్నాయి, కారం తగ్గించమనండి’ అని కాగితం వెనక్కి ఇచ్చేశారు.

ఫోనులో వెతికితే అర నిమిషంలో తేలేదని మీరు అనబోతున్నారు. నిజమే. వెతకడానికి భయం వేసింది. ఇప్పుడు చెప్పండి, తప్పు నాదా, ఆ పద్ధతిదా?

సగంసున్న
నా పదో తరగతి మార్కుల జాబితా మొత్తం అన్‌రిమార్కబులే. మరి మా నాన్న బెల్టు ఎందుకు తీశారో ఈ రోజుకీ అర్థం కాలేదు.

తెల్లకోటు
స్కానింగ్ గదిలో పని చేస్తాను. ఇలాంటి ఫోన్లు వారానికి రెండైనా వస్తాయి. అన్‌రిమార్కబుల్ అంటే ప్రత్యేకించి రాయవలసింది ఏమీ కనబడలేదు అని. మా కాగితాల్లో అంతకంటే మంచి మాట లేదు.

మా మాటలు కొన్ని బయటి ఇంగ్లీషుకు ఎదురు నడుస్తాయి. పరీక్ష ‘పాజిటివ్’ వస్తే వెతికిన జబ్బు దొరికిందని. ‘ప్రోగ్రెస్’ అయిందంటే జబ్బు ముందుకు సాగిందని, మనిషి కోలుకున్నాడని కాదు. ‘నో మాస్ అప్రీషియేటెడ్’ అంటే ఎవరూ మెచ్చుకోలేదని కాదు, గడ్డ ఏదీ కంటబడలేదని. ‘అక్యూట్’ అంటే ఉన్నట్టుండి వచ్చింది, ‘క్రానిక్’ అంటే చాలాకాలంగా ఉన్నది. ఈ రెండూ ఎన్నాళ్లన్నదే చెబుతాయి. క్రానిక్ అంటే ముదిరిపోయిందని జనం అనుకుంటారు.

ఇవి రోగి కోసం రాసేవి కావు. పంపిన డాక్టరు కోసం రాసేవి. అంత కంగారుగా ఉంటే చివర ‘ఇంప్రెషన్’ అని ఉండే రెండు పంక్తులు చదవండి, మిగతాది వదిలేయండి.

వేపచెట్టు
తెల్లకోటు గారూ, రోగి కోసం రాయని కాగితానికి డబ్బులు రోగే ఎందుకు కడుతున్నాడు? కవరు చేతిలో పెట్టి రాత్రంతా ఇంట్లో ఉంచుకోమన్నది కూడా మీరే. ‘బాగుంది’ అని రాస్తే సిరా ఎక్కువ ఖర్చవుతుందా?

తెల్లకోటు
‘బాగుంది’ అని రాస్తే అది హామీ అవుతుంది. యంత్రంలో చూసినంత మేరకు ఏమీ కనబడలేదని చెప్పగలనే తప్ప బాగుందని చెప్పలేను. ఆ తేడా కోసమే ఆ మాట.

సగంసున్న
పెళ్లిచూపుల నుంచి తిరిగొచ్చాక మా మామయ్య కూడా సరిగ్గా ఇలాగే మాట్లాడతాడు.

బడిపంతులు
మూడోబెంచీ గారి మాస్టారి తరఫున నేను మాట్లాడతాను. ముప్పై ఏళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను కాబట్టి నిందలో సగం వాటా నాది.

మీరు చేసింది సందర్భాన్ని బట్టి ఊహించడం కాదు. మాటను ముందే కోశారు. ముక్కలకు అర్థం చెప్పుకున్నారు. ఆపైన మీ భయానికి సందర్భం అని పేరు పెట్టి సాక్షిగా నిలబెట్టారు. నేను పిల్లలకు చెప్పే వరుసలో మాటను విరిచి చూడడం ఆఖరి పని. మొదట ఆ మాట వాక్యంలో ఏ కొలువు చేస్తోందో చూడాలి: అది పేరు చెబుతోందా, పని చెబుతోందా, గుణం చెబుతోందా. తర్వాత అదే కొలువులో పక్క వాక్యాల్లో ఎవరున్నారో చూడాలి. ‘కానీ’, ‘అయినా’, ‘అందువల్ల’ లాంటి మలుపులు ఉన్నాయేమో చూడాలి. ఇవన్నీ అయ్యాక ఊహించిన అర్థాన్ని ఆ చోట కూర్చోబెట్టి పేజీ మొత్తం మళ్లీ చదవాలి. పిల్లలు ఎగ్గొట్టేది ఈ చివరి మెట్టే. మీరూ ఎగ్గొట్టారు.

మీ కాగితంలోనే ఆధారం ఉంది కదా. జబ్బు ఉన్నచోట డాక్టర్లు ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ పక్కన అని కొలతలు రాస్తారు. అవయవం తర్వాత అవయవాన్ని అదే మాటతో తేల్చేశారంటే అక్కడ చెప్పడానికి ఏమీ లేదన్నమాట. పైగా ఒంట్లో అన్నీ ఒకేసారి పాడైన మనిషి మీ బండి వెనక కూర్చుని స్కానింగ్‌కు వచ్చారా?

విరిచి చూడడం ఎంత ప్రమాదమో పెట్రోలు ట్యాంకరు చెబుతుంది. వెనక ఎర్ర అక్షరాలతో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఉంటుంది. ‘ఇన్’ అంటే ‘కాదు’ అని నేర్చుకున్నవాడు దాని పక్కనే నిలబడి బీడీ వెలిగించగలడు. అక్కడి ‘ఇన్’ లాటిన్‌లో ‘లోపలికి’ అనే అర్థమున్నది, కాదనేది కాదు. ఇన్‌వాల్యుబుల్ విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. ఇన్‌ఫేమస్ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరు మోస్తున్నవాడు.

మూడోబెంచీ
బండి మీదే వచ్చారు. దారిలో దిగి అరటిపళ్లు బేరమాడారు కూడా. ఇప్పుడు గుర్తొస్తోంది.

అమీర్‌పేట_అభ్యర్థి
బ్యాంకు పరీక్షకు మూడో ఏడు. పంతులుగారు చెప్పిన మెట్లన్నీ ఎక్కేసరికి గంట కొట్టేస్తారు. మాకు క్లోజ్ టెస్టులో, అంటే పేరాలో ఖాళీలు నింపే ప్రశ్నలో, ఒక్కో ఖాళీకి అర నిమిషం కూడా దొరకదు. ఖాళీకి ముందు మాట, వెనక మాట, ‘హౌఎవర్’ ఉందా లేదా, అంతే. తొంభై శాతం పని అక్కడే అయిపోతుంది. పద్ధతి పనిచేస్తుంది, మూడోబెంచీ గారు సాధన చేయలేదు.

వేపచెట్టు
పరీక్షలో పనిచేస్తుంది. ఎందుకంటే ఆ పేరా రాసినవాడే జవాబు కూడా అందులో దాచాడు. నాలుగు ఎంపికలిచ్చి, అందులో మూడు కుదరకుండా చూసుకున్నాడు. లోకం మీ చేతికి నాలుగు ఎంపికలు ఇవ్వదు. స్కానింగ్ కాగితంలో ‘మెచ్చుకోదగ్గట్టు లేదు’ కూడా కుదిరింది, ‘మామూలుగా ఉంది’ కూడా కుదిరింది. రెండూ కుదిరితే ఇక సందర్భం ఏం చెప్పినట్టు?

బడిపంతులు
వేపచెట్టు గారి మాటకు ఒక ముచ్చట కలుపుతాను. ఈ క్లోజ్ పరీక్షను 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ తయారు చేశాడు. విద్యార్థికి మార్కులు వేయడానికి కాదు, రాసినదానికి మార్కులు వేయడానికి. వ్యాసంలో కొన్ని మాటలు తీసేసి పాఠకులకు ఇస్తారు. వాళ్లు ఎన్ని సరిగ్గా నింపగలిగితే ఆ రచన అంత సులువుగా అందుతున్నట్టు. తప్పితే తప్పు రచయితది. మనం దాన్ని తిప్పి పిల్లల మెడకు చుట్టాం.

అమీర్‌పేట_అభ్యర్థి
ఈ మాట పరీక్ష పెట్టేవాళ్లకు ఎవరైనా చెప్పండి దయచేసి.

ఎడిసన్‌వాసి
తెలిసిన మాటే కొంప ముంచిన కథ చెబుతాను. న్యూజెర్సీ వచ్చిన కొత్తలో, మూడు వారాలు కూర్చుని ఒక ప్రతిపాదన తయారు చేశాను. సమావేశంలో మేనేజరు నా వైపు చూసి నవ్వి, దీన్ని ‘టేబుల్’ చేద్దాం అన్నాడు. మన పార్లమెంటులో పత్రాలు టేబుల్ చేశారని చిన్నప్పటి నుంచి వార్తల్లో వింటున్నాం, సభ ముందు పెట్టారని అర్థం. నవ్వాడు, నా వైపు చూశాడు, ఆ మాట అన్నాడు. సందర్భం నిండుగా ఉంది. ల్యాప్‌టాప్ తీగ తగిలించి తెర మీద మొదటి పేజీ వేశాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అమెరికాలో టేబుల్ చేయడమంటే పక్కన పెట్టేయడమట. ఆ నవ్వు జాలితో నవ్వినది.

తర్వాత తెలిసింది, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఇదే మాట మీద చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాసుకున్నాడట. తీరా చూస్తే రెండు పక్షాలదీ ఒకటే కోరిక, విషయం వెంటనే మాట్లాడాలని. కాస్త ఊరట కలిగింది.

సగంసున్న
మన ఆఫీసుల్లో ఈ గొడవే లేదు. టేబుల్ మీద పెడితే ఫైలు ఆగుతుంది, టేబుల్ కింద పెడితే కదులుతుంది.

పాతపుస్తకం
ఇంగ్లీషువాళ్ల దగ్గరికి ఇంతదూరం వెళ్లారు కానీ మన ఇంట్లోనే ఈ చర్చ ఎప్పుడో జరిగింది. ‘సైంధవం తీసుకురా’ అని యజమాని అంటాడు. సైంధవమంటే ఉప్పు, సైంధవమంటే సింధుదేశపు గుర్రం. విస్తరి ముందు కూర్చుని అంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి బయలుదేరుతూ అంటే గుర్రం తేవాలి. దీన్ని ప్రకరణం అన్నారు. వ్యాకరణవేత్త భర్తృహరి ఇలాంటి ఆధారాలకు పెద్ద జాబితాయే ఇచ్చాడు. పక్కన ఏ మాట ఉంది, దేనికి విరోధంగా ఉంది, ఏ చోట అన్నారు, ఏ వేళ అన్నారు, ఇలా. రామలక్ష్మణులు అంటే ఆ రాముడు దశరథుడి కొడుకు. రాముడికీ అర్జునుడికీ వైరం అంటే ఆ రాముడు పరశురాముడు, ఆ అర్జునుడు కార్తవీర్యుడు. పక్కన ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి మనిషే మారిపోయాడు చూడండి. పంతులుగారి మెట్లన్నీ ఇందులో ఉన్నాయి.

సగంసున్న
భోజనం మధ్యలో గుర్రాన్ని తోలుకొచ్చిన పనివాడే మన మూడోబెంచీ.

వేపచెట్టు
పాతపుస్తకం గారూ, ఉదాహరణ అందంగా ఉంది, కానీ ఇక్కడ అతకదు. ఆ పనివాడికి ఉప్పు అనే అర్థమూ తెలుసు, గుర్రం అనే అర్థమూ తెలుసు. రెండింటిలో ఒకటి ఏరుకోవడానికి ప్రకరణం పనికొచ్చింది. సైంధవమనే మాటే ఎన్నడూ వినని వాడైతే? విస్తరి చూసి నెయ్యి తెచ్చేవాడు, పచ్చడి తెచ్చేవాడు, మంచినీళ్లు తెచ్చేవాడు. ఏది తెచ్చినా సందర్భానికి తగ్గట్టే ఉండేది. ఏరుకోవడం వేరు, పుట్టించడం వేరు.

పాతపుస్తకం
ఒప్పుకుంటున్నాను. ఎడిసన్‌వాసి గారి టేబుల్‌కు మాత్రం అతుకుతుంది.

ఎడిసన్‌వాసి
అతకదండీ. నాకు తెలిసినది ఒక్క అర్థమే. ఉప్పు ఒక్కటే తెలిసినవాడు గుర్రం ఎదురుగా సకిలించినా ఉప్పే తెస్తాడు.

చెరకుతోట
కంగారూ కథ తెలుసు కదా. ఆస్ట్రేలియాలో దిగిన తెల్లవాళ్లు ఆ జంతువును చూపించి ఇదేమిటని అడిగితే అక్కడి మనిషి ‘నువ్వన్నది నాకు తెలియలేదు’ అని తన భాషలో అన్నాడట, అదే పేరైపోయిందట. ఊహించడమంటే అలాగే ఉంటుంది.

బడిపంతులు
ఆ కథ నేనూ చాలా ఏళ్లు తరగతిలో చెప్పాను, తర్వాత మానుకున్నాను. అది కట్టుకథ. 1770లో ఇంగ్లీషు నావికుడు కుక్ నౌక దెబ్బతిని ఆగిన చోట ఉండేవాళ్ల భాష గూగు యిమిథిర్. అందులో ‘గంగురు’ అన్నది నిజంగానే ఒక రకం కంగారూ పేరు. ఇరవయ్యో శతాబ్దంలో భాషావేత్తలు వెళ్లి సరిచూశారు. అంటే ఆ రోజు వేలు చూపించి అడిగినవాళ్ల ఊహ దాదాపు సరైనదే. ఒక రకానికి ఉన్న పేరును జాతి మొత్తానికి అంటగట్టారు, అంతే.

గోదారిగట్టు
నాది మీ అందరికీ ఎదురు అనుభవం. డిగ్రీలో ఉండగా రాజమండ్రి గ్రంథాలయంలో ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలు పిచ్చిగా చదివేదాన్ని. వాటిలో ప్రతి ఇంట్లో ‘మాంటెల్‌పీస్’ ఉండేది. దాని మీద గడియారం ఉండేది, విప్పని ఉత్తరాలు ఉండేవి, ఒకాయన దానికి మోచెయ్యి ఆనించి నిలబడి మాట్లాడేవాడు. మా ఇంట్లో నాయనమ్మ దీపం పెట్టే గూడు ఉంది గోడలో. ఆ పక్కనే మందుసీసాలు, కరెంటు బిల్లు కూడా పెట్టేది. మాంటెల్‌పీస్ అంటే ఆ గూడే అనుకున్నాను. మోచెయ్యి ఆనిందంటే గూడు అంచు కాస్త బయటికి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

ఇరవై ఏళ్ల తర్వాత ఊటీలో ఒక పాత అతిథిగృహంలో దిగాం. చలిమంట వేసుకునే పొయ్యి, దాని నెత్తిన రాతిబల్ల, బల్ల మీద గడియారం. గుమ్మంలోనే నిలబడిపోయాను. మా వారు ఏమైందని అడిగితే ఏం చెప్పాలి? ఒక్క క్షణంలో యాభై నవలల్లో ఇళ్లు మారిపోయాయని చెప్పనా?

కానీ ఒక్క హంతకుడిని కూడా దాని వల్ల తప్పుగా పట్టుకోలేదు నేను. ప్రతి మాటకూ నిఘంటువు తీసి ఉంటే మొదటి నవల కూడా పూర్తి చేసేదాన్ని కాదు. మా ఇంట్లో ఉన్నది అట్ట ఊడిన నిఘంటువు, ‘మ’ దగ్గర చెదలు తిన్నది.

తెల్లకోటు
ఇదే నేను చెప్పాలనుకున్నది. నవలలో గూడు పెట్టుకోండి, రిపోర్టులో పెట్టుకోకండి.

వేపచెట్టు
ఆ గూడు ఊహ తప్పా, ఒప్పా? నన్నడిగితే ముప్పాతిక ఒప్పు. ఎత్తు సరిపోయింది, మీద పెట్టే సామాన్లు సరిపోయాయి, పొయ్యి ఒక్కటే లేదు. రాజమండ్రిలో చలిమంట పొయ్యి ఎవరి ఇంట్లో ఉంటుంది?

గోదారిగట్టు
మే నెలలో మా ఇల్లే పొయ్యి.

ఇద్దరుపిల్లలతల్లి
తెలుగులోకి వచ్చి అర్థం మార్చుకున్న ఇంగ్లీషు మాటలు ఇంకా ప్రమాదం. మా ఆడపడుచు పెళ్లి ప్రకటనలో ‘హోమ్లీ’ అని రాయించాం, ఇంటిపట్టున ఉండే పిల్ల అని. డల్లాస్ సంబంధంవాళ్ల అబ్బాయి అక్కడే పుట్టి పెరిగినవాడు. ‘మీరే ఇలా రాశారేమిటి’ అని అడిగాడు. అమెరికాలో హోమ్లీ అంటే చూడ్డానికి అంత బాగోనిదని. అయినా ఫొటో చూసి వచ్చాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఇద్దరూ హోమ్లీ కాదు, ఏ దేశపు అర్థంలోనూ.

అమీర్‌పేట_అభ్యర్థి
‘మార్కెట్ సెంటిమెంట్ బలహీనం’ అని మొదటిసారి చదివినప్పుడు షేర్ల వ్యాపారులు కూడా మంగళవారం కొత్త పని మొదలుపెట్టరు కాబోలు అనుకున్నాను. మన సెంటిమెంట్ అదే కదా.

బడిపంతులు
వేపచెట్టు గారు ముందు అడిగిన దానికి ఆలస్యంగా జవాబు. సందర్భం ఎప్పుడు సాయపడుతుందన్నది కొలిచినవాళ్లు ఉన్నారు. న్యూజిలాండ్‌లో పాల్ నేషన్ అనే పండితుడు జీవితమంతా ఈ పదాల లెక్క మీదే గడిపాడు. 2000లో సహపరిశోధకురాలితో కలిసి చేసిన పనిలో తేలింది ఏమిటంటే, పేజీలో నూటికి 98 మాటలు తెలిసి ఉంటే తప్ప చాలామంది పాఠకులకు ఎవరి సాయం లేకుండా కథ సరిగా అందదు. అంటే యాభై మాటలకు ఒక్కటి తెలియకపోవచ్చు. నవలలు, వార్తాపత్రికలు ఆ స్థాయిలో చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలని 2006లో లెక్కకట్టాడు. ఒక మాట, దాని పిల్లలు అన్నీ కలిపి ఒక కుటుంబం.

గోదారిగట్టు గారికి మాంటెల్‌పీస్ చుట్టూ ఉన్నవన్నీ తెలిసిన మాటలే. గడియారం, ఉత్తరాలు, మోచెయ్యి. అందుకే గూడు దాకా రాగలిగారు. మూడోబెంచీ గారూ, మీ కాగితంలో తెలియని మాటలు ఎన్ని?

మూడోబెంచీ
ఇప్పుడే లెక్కపెట్టాను. కాలేయం పేరాలో 24 మాటలు. అందులో నాకు తెలియనివి 9. ‘ఎకోటెక్స్చర్’ అట, ‘ఇంట్రాహెపాటిక్’ అట.

వేపచెట్టు
24లో 9 తెలియకపోతే దాన్ని సందర్భం అంటారా? చీకట్లో చీకటిని అడిగి దారి తెలుసుకున్నట్టుంది.

పెన్షన్‌కాగితం
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. రెవెన్యూలో 34 ఏళ్లు చేసి దిగాను. మూడోబెంచీ గారూ, మీరు రిమార్కబుల్ అనే పెద్దమాట పట్టుకున్నారు కానీ, అందులో మన ఇంటిమాట ఒకటి ఉంది, ‘రిమార్కు’. ఆఫీసులో పనిచేసిన ఎవరినైనా అడగండి. రిమార్కు పడిందంటే సర్వీసు పుస్తకంలో మచ్చ పడినట్టే. ‘ఒక్క రిమార్కు లేకుండా రిటైరయ్యాను’ అంటే అంతకంటే గౌరవం లేదు. రిమార్కు లేని లివరు అంటే మంచి లివరే కదా. నేనైతే ఆ కాగితం చూసి హాయిగా పడుకునేవాడిని.

సగంసున్న
ఇంతమంది ఇంగ్లీషు పండితులు కలిసి విప్పలేని ముడిని గుమాస్తాగారు తెలుగుతో విప్పారు.

తెల్లకోటు
అర్థం సరిగ్గానే తగిలింది కానీ దారి వేరు. ఇంగ్లీషులో రిమార్క్ అంటే గమనించి చెప్పడం, మచ్చ అనే రంగు దానికి లేదు. ఆ రంగు మన ఆఫీసులు పూసినది. ఇది అదృష్టం, పద్ధతి కాదు. ఇదే దారిలో వెళ్తే ‘ఇంప్రెషన్’ దగ్గర వేలిముద్ర అనుకుంటారు.

పెన్షన్‌కాగితం
అయితే అనుకుంటానండీ. ముందు నా కిడ్నీలు రెండూ బాగున్నాయని తెలిసి నిద్రపోయాక, వేలిముద్ర సంగతి పొద్దున్న చూసుకుంటాను.

బడిపంతులు
పెన్షన్‌కాగితం గారు మాటను విరిచారు, నేను వద్దన్న పనే చేశారు. అయినా వెళ్లవలసిన చోటికే వెళ్లారు. రేపు తరగతిలో ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో ఆలోచిస్తున్నాను.

మూడోబెంచీ
పెన్షన్‌కాగితం గారి మాట చదివి లేచి వెళ్లి నాన్నను అడిగాను. నాన్న కూడా ఆఫీసు ఉద్యోగమే, 33 ఏళ్లు. ఆ రోజు స్కానింగ్ నుంచి తిరిగొస్తూ అరటిపళ్ల దగ్గర కవరు కాసేపు ఆయన చేతికిచ్చాను. నేను చిల్లర వెతుక్కునే లోపల ఆయన రిపోర్టు తీసి చదివేశారట.

‘అర్థమైందా నాన్నా?’ అన్నాను. ‘అర్థం కాకపోవడానికి ఏముంది, ఏ లైనులోనూ రిమార్కు లేదని రాశాడు. అందుకేగా డజను తీసుకున్నాను’ అన్నారు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకే గురక పెట్టి నిద్రపోయారు. పక్క గదిలో నేను ఆ గురక కూడా జబ్బు లక్షణమేమో అని లెక్కపెడుతూ కూర్చున్నాను.

బీరువాలో చీరల కింద కాగితం ఎందుకు పెట్టావని ఇప్పుడు అమ్మ అడుగుతోంది.

సగంసున్న
చీరలకు రిమార్కు పడలేదు కదా?